చెవి పోయినా మాటను వదల్లేదు

పాత అని ఒకసారి, పాట అని ఒకసారి పైకి అనండి. నాలుక తగిలే చోటు కాస్త మారింది, అంతే. ఆ తేడా మీకు చిటికెలో తెలిసిపోతుంది. కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లాడికి మాత్రం ఇలాంటి తేడాలే గట్టి పరీక్ష. వాడికి మన మాట ఎలా వినిపిస్తోందో కొలిచి చెప్పడం ఇవాళ ఒక వృత్తి. ఆ దారిలో వెళ్దామనుకుంటే ముందు ఒక స్కూలు టీచరు గురించి తెలుసుకోండి. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. వాడుక భాష కోసం పోరాడారని పాఠాల్లో చదివే ఉంటారు. ఆయన చెవుల కథ మాత్రం చాలామందికి తెలీదు.

పరికరం చెవి ఒక్కటే

1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన తోటి విద్యార్థి. 1880లో పర్లాకిమిడిలో టీచరు ఉద్యోగంలో చేరారు. ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. ఎవరూ అడక్కుండానే ఆ భాష నేర్చుకోవాలనుకున్నారు గిడుగు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని మొదలుపెట్టారు.

రికార్డు చేసుకోవడానికి సెల్‌ఫోన్ లేని రోజులవి. వినాలి, తిరిగి పలకాలి, తప్పయితే దిద్దించుకోవాలి, రాసుకోవాలి. సవర భాషలో గొంతు దగ్గర గాలి టక్కున ఆగే ధ్వని ఒకటుంది. దానికి మన వర్ణమాలలో అక్షరమే లేదు. అలాంటివన్నీ చెవితోనే పట్టుకోవాలి.

ఆ కొండల్లో తిరుగుతుండగా మలేరియా పట్టుకుంది. క్వినైన్ వాడారు. దాంతో వినికిడి దెబ్బతింది. ఆ మందు మోతాదు మించితే లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే సున్నితమైన కణాలు పాడవుతాయి. మాటల్ని విని రాయడమే పనిగా పెట్టుకున్న మనిషికి అంతకంటే నష్టం ఏముంటుంది?

అయినా ఆయన ఆగలేదు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు. కొడుకు సీతాపతి ఆ భాషా కృషిలో తోడున్నారు. సవర భాష మీద ఆయన రాసిన పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. మరోపక్క, జనం నోట్లో లేని భాషను పిల్లల పుస్తకాల్లో పెట్టడం అన్యాయమని పండితులతో ఏళ్ల తరబడి వాదించారు. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఇవాళయితే?

ఆయన కాలంలో పోయిన వినికిడికి ఆపరేషన్ లేదు. ఇప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. పాడైన కణాలను పక్కనపెట్టి, శబ్దాన్ని కరెంటు సంకేతాలుగా మార్చి నేరుగా వినికిడి నరానికి ఇస్తుంది. ఆరోగ్యశ్రీ వచ్చాక పేద పిల్లలకూ ఈ ఆపరేషన్ అందింది. అయితే మామూలు చెవిలో మెదడుకు శబ్దాన్ని చేరవేసే కణాలు సుమారు 3,500 ఉంటే, ఇంప్లాంట్‌లో ఉండే ఎలక్ట్రోడ్లు పాతిక లోపే. అందుకే పలక, పాలక లాంటి పొడవు తేడాలు కాస్త తేలిగ్గా తెలుస్తాయి. పాత, పాట లాంటివి తికమక పెడతాయి.

కొలిచేది ఎలాగంటే, ఆడియాలజిస్టు పెదాలు కనబడకుండా మాటల జాబితా ఒక్కొక్కటిగా చెబుతారు. పిల్లాడు తిరిగి చెప్పాలి. నూటికి ఎన్ని సరిగ్గా చెప్పాడన్నదే స్కోరు. తర్వాత గోల మధ్యలో కూడా చూస్తారు.

ఇక్కడే గిడుగు మళ్లీ గుర్తొస్తారు. తిరువూరునే తీసుకోండి. ఇటు కృష్ణా మాట, పెనుబల్లి వైపు దాటితే ఖమ్మం మాట. ఇంట్లో ఎన్నడూ వినని పుస్తకాల మాట జాబితాలో ఉంటే, పిల్లాడు చెప్పలేకపోయాడంటే వినబడక కాదేమో, తెలియక కావచ్చు. అప్పుడు ఆ స్కోరు చూసి మిషన్ సెట్టింగ్ మారిస్తే నష్టపోయేది పిల్లాడే. జనం పలికే మాటే కొలబద్ద కావాలని వందేళ్ల కిందట గిడుగు పట్టుబట్టింది చదువు కోసం. ఇప్పుడు అదే మాట వినికిడికీ వర్తిస్తుంది.

మీరు చేరాలంటే

ఇంటర్‌లో బైపీసీ గానీ ఎంపీసీ గానీ చదివినవాళ్లు బీఏఎస్‌ఎల్‌పీ డిగ్రీలో చేరొచ్చు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. 1965 నుంచి ఉన్న మైసూరు ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఈ రంగంలో పేరున్న సంస్థ. దగ్గర్లో కావాలంటే సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఏ కాలేజీలో చేరినా గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి.

ఈలోపు ఒక పని చేయండి. మీ నానమ్మ పలికే పది మాటలు, ఆమె పలికినట్టే, ఒక్క అక్షరం దిద్దకుండా రాయండి. అనుకున్నంత తేలిక కాదు. అది ఇష్టంగా అనిపించిందంటే ఈ చదువు మీకు సరిపోతుంది.