పరుగుల వీరుడు పావో నుర్మి

ఐరోపా ఖండానికి ఉత్తరాన ఫిన్లాండ్ అనే దేశం ఉంది. అక్కడ చలికాలం చాలా దీర్ఘం. నెలల తరబడి నేల మంచుతో కప్పబడి ఉంటుంది. ఆ దేశంలోని టుర్కు నగరంలో 1897 జూన్ 13వ తేదీన పావో నుర్మి జన్మించాడు. తండ్రి వడ్రంగి పని చేసేవాడు. 1910లో ఆయన మరణించడంతో కుటుంబ భారం తల్లిపై పడింది. పన్నెండేళ్ళ పావో చదువు మానుకొని ఒక రొట్టెల దుకాణంలో పనికి కుదిరాడు. సరుకు నింపిన బండిని ఎత్తైన వీధులలో తోసుకుపోవడం అతని పని. ఆ కష్టమే అతని నడుముకూ కాళ్ళకూ బలాన్నిచ్చింది.

1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలు జరిగాయి. ఫిన్లాండ్ వీరుడు కోలెహ్మైనెన్ అందులో మూడు స్వర్ణ పతకాలు గెలిచాడు. ఆ వార్త పావో మనసులో నాటుకుంది. తానూ గొప్ప పరుగు వీరుడు కావాలనుకున్నాడు. వేసవిలో అడవి దారుల వెంట పరుగెత్తేవాడు. చలికాలంలో మంచుపై స్కీయింగ్ చేసేవాడు. మైళ్ళ కొద్దీ నడిచేవాడు.

1920లో బెల్జియంలోని యాంట్‌వర్ప్ నగరంలో నుర్మి తొలిసారి ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. 5,000 మీటర్ల పందెంలో మొదటి నుండి వేగంగా పరుగెత్తి అందరినీ వెనుకకు నెట్టాడు. ఫ్రాన్స్‌కు చెందిన గియెమో ఒక్కడు మాత్రం అతని వెన్నంటే ఉన్నాడు. ముగింపు దగ్గరపడగానే గియెమో ఒక్కసారిగా ముందుకు దూసుకుపోయాడు. నుర్మి అతనిని అందుకోలేకపోయాడు. మూడు రోజుల తరువాత జరిగిన 10,000 మీటర్ల పందెంలో గియెమోను ఓడించాడు. మొత్తం మూడు స్వర్ణాలతో స్వదేశానికి చేరాడు.

గెలిచిన పతకాలు చూసుకొని నుర్మి తృప్తి పడలేదు. తన ఓటమికి కారణం వెతికాడు. తన సాధన ఒకే తీరుగా సాగిందని గ్రహించాడు. నడక, నిదానపు పరుగు అతనికి ఓర్పునిచ్చాయి. కాని వేగానికి సంబంధించిన సాధన చాలలేదు. పైగా మొదటి చుట్లలోనే శక్తిని ఎక్కువగా ఖర్చు చేయడం అతనికి అలవాటు.

ఆ లోపాలను సరిదిద్దుకోవడానికి నుర్మి పూనుకున్నాడు. స్టాప్‌వాచీ చేతిలో పట్టుకొని పరుగెత్తసాగాడు. ప్రతి చుట్టుకూ పట్టే కాలాన్ని చూసుకుంటూ శక్తిని పందెమంతటికీ సమంగా పంచుకోవడం నేర్చుకున్నాడు. నడకను మానలేదు. దానికి వ్యాయామాన్నీ, పొట్టి దూరాల వేగపు పరుగులనూ జోడించాడు. దూరపు పరుగులో చివరి చుట్టును మరింత వేగంగా ముగించడం అభ్యాసం చేశాడు.

1924 ప్యారిస్ ఒలింపిక్స్‌లో 1,500 మీటర్లు, 5,000 మీటర్ల తుది పందాలు ఒకే రోజున వచ్చాయి. రెంటికీ మధ్య గంట వ్యవధి కూడ లేదు. ఆ ఏడు నుర్మి మోకాలికి గాయమైంది. అయినా వెనుదీయలేదు. జూన్ 19న హెల్సింకీలో గంటలోపే ఆ రెండు దూరాలూ పరుగెత్తి చూశాడు. రెంటిలోనూ ప్రపంచ రికార్డులు నెలకొల్పాడు! జూలై 10న ప్యారిస్‌లో రెండు పందాలూ గెలిచాడు. రెండు రోజుల తరువాత మండుటెండలో అడవి దారుల పరుగు జరిగింది. బయలుదేరిన 38 మందిలో 15 మందే గమ్యం చేరారు. అందరికంటె ముందు చేరినవాడు నుర్మి. ఆ క్రీడలలో అతనికి ఐదు స్వర్ణాలు లభించాయి.

1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తనకు అలవాటు లేని స్టీపుల్‌చేజ్‌లోనూ నుర్మి పాల్గొన్నాడు. అడ్డుకర్రలనూ నీటి గుంటనూ దాటుతూ పరుగెత్తే పందెమది. తొలి పోటీలో నీటి గుంటలో పడిపోయాడు. ఫ్రాన్స్ క్రీడాకారుడు డ్యుకేన్ ఆగి అతనిని లేవదీశాడు. ఆ మేలుకు బదులుగా నుర్మి మిగిలిన దూరమంతా అతనికి దారి చూపుతూ పరుగెత్తాడు. తుది పందెంలో రజత పతకం సాధించాడు.

మూడు ఒలింపిక్స్‌లలో నుర్మి తొమ్మిది స్వర్ణాలు, మూడు రజతాలు గెలిచాడు. 1932లో ప్రయాణ ఖర్చులకు అధికంగా డబ్బు తీసుకున్నాడనే ఆరోపణపై అతనిని లాస్ ఏంజిల్స్ క్రీడలలో పాల్గొననివ్వలేదు. ఆ బాధ అతనిని చాలాకాలం వెన్నాడింది. 1952లో హెల్సింకీలో ఒలింపిక్స్ జరిగినప్పుడు జ్యోతిని చేతబట్టి క్రీడారంగంలోకి పరుగెత్తుకు వచ్చినవాడు నుర్మియే. అప్పుడతనికి 55 ఏళ్ళు. అతనిని చూడగానే ప్రజలు హర్షధ్వానాలు చేశారు.

1973 అక్టోబరు 2న నుర్మి కన్నుమూశాడు. బలమున్నచోటనే సాధన చేయడం సులభం. బలహీనతను గుర్తించి దానిపై శ్రమించడం కష్టం. ఆ కష్టమైన దారినే ఎంచుకోవడం వల్ల నుర్మి పరుగుల చరిత్రలో చిరస్మరణీయుడయ్యాడు.