రచ్చ గెలిచి ఇంట గెలిచిన స్వరకర్త – బెర్ట్ కెంఫర్ట్

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పుదురు. అయితే కొందరి విషయములో ఈ క్రమము తలక్రిందులగుచున్నది. ఇంట దొరకని ఆదరము రచ్చలో దొరకి, ఆ పిమ్మట ఇంటివారు మేల్కొందురు. జర్మనీ దేశపు స్వరకర్త, వాద్యబృంద నాయకుడు బెర్ట్ కెంఫర్ట్ జీవితము ఇందుకు చక్కని నిదర్శనము. విద్యార్థులకు ఉపకరించునని తలచి ఆయన చరిత్రను ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

కెంఫర్ట్ 1923 అక్టోబరు 16న హాంబర్గు నగరములోని బార్మ్‌బెక్ అను పేటలో జన్మించారు. ఆరేండ్ల ప్రాయమున ఆయనను ఒక మోటారుకారు ఢీకొన్నది. నష్టపరిహారముగా లభించిన సొమ్ముతో ఇంటివారు పియానో కొన్నారు. ఆ విధముగా ఆ ఇంట ఆపద వెనుకనే సంగీతము అడుగుపెట్టినది. పిమ్మట ఆయన హాంబర్గులోని సంగీత పాఠశాలలో శిక్షణ పొంది, పలు వాద్యములను వాయించుటలో నేర్పరియైనారు.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినది. ఆయన నౌకాదళపు వాద్యబృందములో పనిచేసి, చివరకు యుద్ధఖైదీ అయినారు. 1943 జూలైలో జరిగిన విమానదాడులలో హాంబర్గు నగరము చాలవరకు బూడిదయైనది. యుద్ధానంతరము ఆయన స్వంత వాద్యబృందమును కూర్చుకొని ఊరూర కచేరీలు చేశారు. తరువాత గ్రామఫోను రికార్డుల సంస్థలో చేరి ఫ్రెడీ క్విన్, ఈవో రోబిచ్ వంటి గాయకుల పాటలకు వాద్యసహకారము సమకూర్చుచు పేరు గడించారు.

1959లో ఆయన ‘వుండర్లాండ్ బై నాఖ్ట్’ అను వాద్యగీతమును రికార్డు చేశారు. రాత్రివేళ అద్భుతలోకమని దాని అర్థము. స్వరరచన క్లౌస్ గుంటర్ నోయమాన్‌ది. దానిని వాద్యములకు అమర్చి నడిపించినది కెంఫర్ట్. ఇందులో మాట ఒక్కటియు లేదు. చార్లీ టాబర్ ఊదిన ఒంటరి ట్రంపెట్ ముందు నడువగా, మెత్తని తంత్రీవాద్యములు దానిని అనుసరించును. ఇంతటి మధురమైన కృతి స్వదేశములోని సంస్థవారికి రుచింపలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదను సామెత అచ్చటను నిజమైనది.

కెంఫర్ట్ నిరాశపడి ఊరకుండలేదు. ఆ రికార్డును న్యూయార్కులోని డెక్కా సంస్థకు చెందిన మిల్ట్ గాబ్లర్‌కు వినిపించారు. గాబ్లర్ దాని విలువను గ్రహించి 1960లో అమెరికాలో విడుదల చేయించారు. 1961 జనవరిలో అది అమెరికా జనాదరణ పట్టికలో మూడు వారములు ప్రథమ స్థానమున నిలిచినది. యుద్ధము ముగిసి పదహారేండ్లైనను నిండలేదు. నిన్నటి శత్రుదేశపు యుద్ధఖైదీ కూర్చిన వాద్యగోష్ఠిని అమెరికా ప్రజలు తమ ఇండ్లలో వినుచుండిరి. ఆ కృతిలో మాటలుండినచో అవి జర్మను మాటలై యుండెడివి. అంత సులభముగా చెవికెక్కి యుండెడివి కావేమోనని మాకు తోచుచున్నది.

నాటినుండి ఆయన కీర్తి దేశదేశములకు ప్రాకినది. 1962లో వెలువడిన ‘స్వింగింగ్ సఫారీ’ అను కృతికి దక్షిణాఫ్రికా వీధులలోని పిల్లనగ్రోవి సంగీతము ప్రేరణ. ఆయన స్వరములకు ఇతరులు మాటలు కూర్చగా అవి మరింత ప్రసిద్ధి కెక్కినవి. 1965లో వెలువడిన ‘మూన్ ఓవర్ నేపుల్స్’ అను వాద్యగీతము ‘స్పానిష్ ఐస్’ అను పాటయైనది. ఒక చలనచిత్రమునకై కూర్చిన బాణీ ‘స్ట్రేంజర్స్ ఇన్ ది నైట్’ అను పాటగా మారి, ఫ్రాంక్ సినాట్రా కంఠమున 1966లో అమెరికాలోను, బ్రిటనులోను ప్రథమ స్థానము నందుకొన్నది. పాడినవారిని లోకము ఎరుగును. స్వరకర్త పేరు తెలిసినవారు తక్కువ.

ఇచ్చట మరియొక సంగతి చెప్పక తప్పదు. 1961 జూన్‌లో హాంబర్గులో టోనీ షెరిడాన్ అను గాయకునికి తోడుగా వాయించుటకు నలుగురు ఆంగ్ల యువకులను కెంఫర్ట్ కుదుర్చుకొన్నారు. వారే బీటిల్స్. మరుసటి ఏడు వారి మేనేజరు కోరగా ఒప్పందపు గడువు తీరకముందే వారిని విడిచిపెట్టారు. తన ప్రతిభను ఇంటివారు గుర్తింపని బాధ నెరిగినవారే తన ముంగిటికి వచ్చిన నిధిని పోల్చుకొనలేకపోయినారు. దీనిని దోషముగా కాక, మానవ సహజమైన పరిమితిగా మేము భావించుచున్నాము. అడిగినవెంటనే విడిచిపెట్టిన ఆయన సౌజన్యము మాత్రము మెచ్చదగినది.

1974లో లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆయన కచేరీ చేశారు. 1980 జూన్ 21న మయోర్కా ద్వీపములో, 56 ఏండ్ల వయస్సున హఠాత్తుగా కన్నుమూశారు. 1993లో అమెరికాలోని గీతరచయితల గౌరవపీఠమున ఆయన పేరు చేర్చబడినది. ఆయన పుట్టిన బార్మ్‌బెక్ పేటలో నేడొక కూడలి ఆయన పేర వెలయుచున్నది. ఇల్లు ఆలస్యముగానైనను తన బిడ్డను గుర్తించినది.

రెండు భాషలలో చదువుకొను మన విద్యార్థులు ఈ జీవితమునుండి గ్రహింపదగినవి రెండు గలవు. మొదటి గుమ్మమున ఎదురైన తిరస్కారమే తుది తీర్పు కాదు. మరియొక గుమ్మము తట్టవలెను. ఇక మనమే గుమ్మము లోపల నున్నప్పుడు, వెలుపల నిలిచి తట్టుచున్నవాని స్వరమును ఓపికతో వినవలెను. మొదటిదానికంటె రెండవది కష్టమైన పాఠమని మా నమ్మకము.