కందుకూరి వీరేశలింగం పంతులుగారు

మన కులమున జన్మించి లోకోపకారము చేసిన పెద్దలను ఈ సంచికయందు స్మరించుట మనకు వాడుక. వారిలో పంతులుగారి పేరు చెప్పుకొనుట మనకు గర్వకారణమే. అయినను వారిని పంక్తినుండి వెలివేసినదియు మన పూర్వులేయని మఱువరాదు.

వీరేశలింగముగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున, నియోగి కుటుంబమున, సుబ్బరాయుడు పున్నమ్మ దంపతులకు జన్మించిరి. పసితనముననే తండ్రిని గోల్పోయి పెదతండ్రి వెంకటరత్నముగారి పోషణమున పెరిగిరి. యౌవనమున పాండిత్యప్రదర్శనమందు మక్కువ గలవారై, పెదవులు కలియని యక్షరములతోనే అచ్చతెనుగున నలచరిత్రమును పద్యకావ్యముగా రచించిరి. పిమ్మట నా మార్గమును విడిచి, అందఱకు సుబోధమగు వచనమునకు మరలిరి. 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి, ఆ యేటనే ధవళేశ్వరమున బాలికా పాఠశాలను తెఱచిరి. కాళిదాసుని శాకుంతలమును తెనిగించిరి. షేక్స్పియరు నాటకము నొకదానిని చమత్కార రత్నావళియను పేర తెలుగు చేసిరి. రాజశేఖర చరిత్రమును, ఆంధ్రకవుల చరిత్రమును వ్రాసిరి.

1879లో వితంతువివాహము శాస్త్రసమ్మతమని ఉపన్యసించిరి. మాట చెప్పి యూరకుండువారు గారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తమ యింటనే మొదటి వితంతువివాహమును జరిపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ద్రవ్యసాహాయ్య మొనర్చిరి. విద్యార్థులు అండగా నిలిచిరి. అంతట వెలి వచ్చిపడెను. బంధువులు రాకపోకలు మానిరి. వంటవారును నీళ్లు తెచ్చువారును గడప త్రొక్కరైరి. అప్పుడు వారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెలతో నీళ్లు తెచ్చి, వంట చేసి, అందఱకు వడ్డించిరి. తోడు వచ్చినవారిలో కొందఱు ప్రాయశ్చిత్తము చేయించుకొని వెనుకకు మరలిరి. ఆ దంపతులు మాత్రము మరలలేదు.

1906లో పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తిని దానికి ధారపోసిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. 1919 మే 27వ తేదీన పంతులుగారు చెన్నపట్టణమున స్వర్గస్థులైరి.

నాడు వెలివేసినవారి వంశీయులమే నేడు వారి పటమునకు పూలదండ వేయుచున్నాము. దండ వేయుట సులభము. కాని యింటి శుభకార్యమున భర్తను గోల్పోయిన తోబుట్టువును ముందునకు పిలుచుటకు సంకోచించువారు నేటికిని మనలో నున్నారు. ఆ సంకోచమును విడిచిన యింటనే రాజ్యలక్ష్మమ్మగారు మోసిన బిందెల శ్రమము సార్థకమగును.