థార్‌స్టీన్ వెబ్లెన్

థార్‌స్టీన్ వెబ్లెన్ (జూలై 30, 1857 - ఆగష్టు 3, 1929) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ ఆర్థికవేత్త, సామాజిక శాస్త్రవేత్త. ధనికులు తమ హోదాను చాటుకొనుటకు చేసే ఖర్చును వివరించిన ప్రదర్శన వినియోగ భావన ద్వారా ఈయన పేరు ప్రపంచమంతటా తెలిసింది. ధర పెరిగినకొద్దీ గిరాకీ పెరిగే ప్రతిష్ఠాత్మక వస్తువులను ఈయన పేరు మీదనే వెబ్లెన్ వస్తువులని వ్యవహరిస్తారు. డిమాండు సూత్రానికి మినహాయింపులలో ఒకటిగా వీటిని అర్థశాస్త్ర విద్యార్థులు చదువుకుంటారు. విశ్వవిద్యాలయాలను, విజ్ఞాన శాస్త్రాన్ని కూడా సంఘంలోని ఇతర వ్యవస్థల వలెనే పరిశీలించవచ్చునని చూపిన తొలితరం పండితులలో ఈయన ఒకడు. విద్యపై అధికారం ఎవరి చేతిలో ఉండాలి అనే ప్రశ్న ఈయన రచనలలోనే గాక జీవితంలోనూ అడుగడుగునా కనిపిస్తుంది.

బాల్యం, విద్యాభ్యాసం

వెబ్లెన్ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో కేటో అనే చోట జన్మించాడు. తల్లిదండ్రులు థామస్, కారి 1847లో నార్వే నుండి వలస వచ్చిన రైతులు. వారికి 12 మంది సంతానం. ఈయన బాల్యంలోనే ఈ కుటుంబం మిన్నెసోటా రాష్ట్రంలోని నెర్‌స్ట్రాండ్ సమీపానికి తరలివెళ్ళింది. ఇంట్లో మాట్లాడే భాష నార్వేజియన్ కాగా, ఇంగ్లీషును ఇరుగుపొరుగుల వద్ద, బడిలో నేర్చుకొన్నాడు. వలస రైతు కుటుంబాలలో అరుదైన రీతిలో ఈ దంపతులు తమ పిల్లలను పెద్ద చదువులు చదివించారు. అన్న ఆండ్రూ భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

1874లో నార్త్‌ఫీల్డ్ పట్టణంలోని కార్ల్‌టన్ కళాశాలలో చేరి 1880లో పట్టభద్రుడయ్యాడు. తరువాతి కాలంలో ప్రఖ్యాత ఆర్థికవేత్తగా పేరొందిన జాన్ బేట్స్ క్లార్క్ అక్కడ ఈయనకు గురువు. ఆపై జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివాడు గాని విద్యార్థివేతనం లభించకపోవడంతో యేల్ విశ్వవిద్యాలయానికి మారాడు. 1884లో తత్వశాస్త్రంలో డాక్టరేట్ పట్టా పొందాడు.

ఉద్యోగం లేని ఏడేళ్ళు

పట్టా చేతికి వచ్చినా 1891 వరకు ఈయనకు ఏ కళాశాలలోనూ ఉద్యోగం దొరకలేదు. ఆ రోజులలో అమెరికా కళాశాలలలో తత్వశాస్త్రం బోధించే పదవులు ఎక్కువగా క్రైస్తవ మతశాస్త్రంలో శిక్షణ పొందినవారికే దక్కేవి. వెబ్లెన్‌కు మతవిశ్వాసం లేదు. అనారోగ్య కారణం చెప్పి ఇంటికి తిరిగివచ్చి, ఈ కాలమంతా పుస్తకపఠనంలో గడిపాడు. 1888లో ఎలెన్ రోల్ఫ్‌ను వివాహమాడాడు.

1891లో, 34 ఏళ్ళ వయసులో, కార్నెల్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర విద్యార్థిగా తిరిగి చేరాడు. అక్కడి ఆచార్యుడు లారెన్స్ లాఫ్లిన్ ఈయన ప్రతిభను గుర్తించి, 1892లో తాను చికాగో విశ్వవిద్యాలయానికి వెళ్ళినపుడు వెంట తీసుకొనిపోయాడు.

చికాగో విశ్వవిద్యాలయం

చమురు వ్యాపారి జాన్ డి. రాక్‌ఫెల్లర్ విరాళాలతో స్థాపించబడిన ఈ విశ్వవిద్యాలయం 1892లోనే తరగతులు ప్రారంభించింది. అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ ఇతర సంస్థల నుండి పేరుమోసిన ఆచార్యులను రప్పించి, భవనాలు కట్టించి, సంస్థను శీఘ్రంగా విస్తరింపజేశాడు. వెబ్లెన్ 1906 వరకు ఇక్కడ పనిచేస్తూ ఒక అర్థశాస్త్ర పత్రిక సంపాదకత్వ బాధ్యతలు కూడా నిర్వహించాడు. పదోన్నతి మాత్రం మెల్లగా వచ్చింది. 1900 నాటికి గాని సహాయ ఆచార్యుడు కాలేదు.

1899లో వెలువడిన ది థియరీ ఆఫ్ ది లీజర్ క్లాస్ అనే గ్రంథం ఈయనకు కీర్తి తెచ్చింది. దాని చివరి అధ్యాయం ఉన్నత విద్యను గురించినదే. పట్టప్రదానోత్సవాలు, ప్రత్యేక దుస్తులు, నిత్యజీవితానికి ఉపయోగపడని ప్రాచీన భాషల అధ్యయనం మొదలైనవాటిని అందులో హోదా ప్రదర్శనకు గుర్తులుగా విశ్లేషించాడు.

ఉన్నత విద్యపై సిద్ధాంతం

చికాగోలో గమనించిన విషయాల ఆధారంగా రాసిన ది హయ్యర్ లెర్నింగ్ ఇన్ అమెరికా అనే గ్రంథాన్ని వెబ్లెన్ 1918లో ప్రచురించాడు. వ్యాపారస్థులు విశ్వవిద్యాలయాలను నడిపే తీరు దీని విషయం. పూర్వం మతాచార్యులతో నిండిన పాలకమండళ్ళు క్రమంగా వ్యాపారస్థుల వశమయ్యాయని, అధ్యక్షుడు పారిశ్రామికాధిపతి వంటివాడైనాడని ఈయన వాదించాడు.

దీని ఫలితాలను వరుసగా వివరించాడు. విశ్వవిద్యాలయాలు అంగళ్ళవలె విద్యార్థుల కొరకు పోటీపడి ప్రచారానికి డబ్బు వెచ్చిస్తాయి. పైకి కనిపించే భవనాలకు ప్రాధాన్యం పెరుగుతుంది. చదువును గంటలుగా, మార్కులుగా లెక్కకట్టి అంకెలతో కొలుస్తారు. ఆచార్యుడు జీతగాడిగా మారి, యజమానికి నచ్చని విషయాలపై పరిశోధనకు వెనుకాడుతాడు.

విశ్వవిద్యాలయానికి రెండే పనులున్నాయని వెబ్లెన్ అభిప్రాయం. అవి పరిశోధన, కొత్త పరిశోధకులను తీర్చిదిద్దడం. న్యాయ, వాణిజ్య విద్యాలయాలకు, ప్రథమ పట్టా తరగతులకు వేరే సంస్థలుండాలని, పాలకమండళ్ళను, అధ్యక్ష పదవిని రద్దుచేసి పండితులకే నిర్వహణ అప్పగించాలని ప్రతిపాదించాడు.

విజ్ఞాన శాస్త్రంపై సిద్ధాంతం

ఆధునిక నాగరికతలో విజ్ఞాన శాస్త్రానికి గల స్థానంపై 1906లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఇదే శీర్షికతో 1919లో ఈయన వ్యాససంపుటి వెలువడింది. విజ్ఞానానికి మూలం ప్రయోజనాన్ని ఆశించని జిజ్ఞాస అని ఇందులో చెప్పాడు. అయితే ఆ జిజ్ఞాస పొందే రూపం ఆ కాలపు జీవనవిధానాన్ని బట్టి ఉంటుంది. ప్రభువుల పాలనలో ప్రకృతిని ఆజ్ఞలు, అంతస్తుల రూపంలో ఊహించారు. చేతివృత్తుల కాలంలో ప్రకృతిని ఒక పనివాని చేతిపనిగా భావించారు. యంత్రయుగంలో వ్యక్తిప్రమేయం లేని కార్యకారణ సంబంధంగా వివరించసాగారు.

తరువాతి జీవితం

1906లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో చేరిన వెబ్లెన్, వైవాహిక జీవితంపై వచ్చిన ఆరోపణల వలన 1909లో వైదొలగవలసి వచ్చింది. 1911లో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు. అదే సంవత్సరం మొదటి వివాహం రద్దయింది. 1914లో ఆన్ బ్రాడ్లీని వివాహమాడగా ఆమె 1920లో మరణించింది. 1919లో జాన్ డ్యూయీ, చార్లెస్ బియర్డ్ తదితరుల పూనికతో న్యూయార్కులో ఏర్పడిన న్యూ స్కూల్‌లో వెబ్లెన్ తొలి అధ్యాపకులలో ఒకడిగా బోధించాడు. అమెరికా ఆర్థికసంఘ అధ్యక్ష పదవి ఇవ్వజూపినా స్వీకరించలేదు. 1926లో కాలిఫోర్నియాకు తిరిగివెళ్ళి, 1929లో మెన్లో పార్కులో మరణించాడు. తన పేర సమాధిగాని, జీవితచరిత్రగాని ఉండరాదని రాసిపెట్టిన కోరిక మేరకు చితాభస్మాన్ని పసిఫిక్ సముద్రంలో కలిపారు. జీవితచరిత్ర వద్దన్న కోరిక మాత్రం నెరవేరలేదు. జోసెఫ్ డార్ఫ్‌మన్ రాసిన విస్తృత జీవితచరిత్ర 1934లో వెలువడింది.

విమర్శలు, ప్రభావం

పాలకమండళ్ళు లేని విశ్వవిద్యాలయానికి ధనం ఎక్కడినుండి వస్తుందో వెబ్లెన్ తగినంతగా వివరించలేదని విమర్శ ఉంది. వృత్తివిద్యకు, పరిశోధనకు మధ్య ఈయన గీసిన గీత మరీ కఠినమైనదని కూడా కొందరి అభిప్రాయం. వైద్యం, వ్యవసాయం వంటి రంగాలలో ఆచరణాత్మక శిక్షణ, మౌలిక పరిశోధన కలిసే ఎదిగాయి. ఈయనను అమెరికా సమాజానికి పరాయివానిగా చిత్రించిన డార్ఫ్‌మన్ అభిప్రాయాన్ని, కుటుంబం బాగా స్థిరపడి చదువుకొన్నదేనని చూపుతూ, తరువాతి పరిశోధకులు సవరించారు.

విజ్ఞాన సామాజిక శాస్త్రానికి పునాదులు వేసిన రాబర్ట్ కె. మెర్టన్, శిక్షణ వలననే కలిగే అసమర్థత అనే భావనను వెబ్లెన్ నుండి గ్రహించాడు. ఆండ్రూ కుమారుడైన గణితవేత్త ఆస్వాల్డ్ వెబ్లెన్, కేవలం పరిశోధన కొరకు 1930లో స్థాపించబడిన ప్రిన్స్‌టన్ ఉన్నత అధ్యయన సంస్థలో తొలి ఆచార్యులలో ఒకడు. విశ్వవిద్యాలయాల ర్యాంకులు, ప్రచారం, ప్రైవేటు పెట్టుబడులపై చర్చలు జరిగినపుడు 1918 నాటి గ్రంథాన్ని నేటికీ ప్రస్తావిస్తారు. దాని వ్యాఖ్యానసహిత ప్రతిని 2015లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ప్రచురణ విభాగం వెలువరించింది.