ఆకలి ఉన్నా... భయం తిననివ్వదు!

కంచం ముందు కూర్చుంటారు. ముద్ద మాత్రం నోట్లో పెట్టుకోరు. ఎముకలు బయటపడుతున్నా లావైపోతామనే భయం. బుజ్జగించినా, కోప్పడినా ఫలితం ఉండదు. ఇంట్లోవాళ్లు దీన్ని మొండితనం అనుకుంటారు. కాదు, లోపల ఒక భయం పనిచేస్తోందని 120 ఏళ్ల కిందటే చూపించిన వైద్యుడు పియర్ జానే.

జానే 1859లో పారిస్‌లో పుట్టారు. పదిహేనేళ్ల వయసులో ఆయనే కొంతకాలం కుంగుబాటుతో బాధపడ్డారు. చదువయ్యాక లె హావ్ర్ అనే రేవు పట్టణంలో ఫిలాసఫీ మాస్టారుగా చేరారు. తీరిక వేళల్లో అక్కడి ఆసుపత్రికి వెళ్లి, మానసిక సమస్యలున్న వారితో మాట్లాడేవారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసుకునేవారు. అందుకే ఆయనకు పెన్సిల్ డాక్టరు అని పేరొచ్చింది. తర్వాత పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో పనిచేస్తూ 1893లో వైద్య పట్టా పొందారు. 1902లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

ఆ మరుసటి ఏడాదే అబ్సెషన్ల మీద ఆయన పెద్ద పుస్తకం వెలువడింది. తలుపు వేశామా లేదా అని పదేపదే చూసుకోవడం, చేతులు ఎంత కడిగినా తృప్తి లేకపోవడం వంటి బాధలను మనం ఇప్పుడు ఓసీడీ అంటున్నాం. చేసిన పని పూర్తి కాలేదనే అసంతృప్తి వీరిని వెంటాడుతుందని జానే గుర్తించారు.

ఆ పుస్తకంలోనే నాదియా కథ ఉంది. అది రోగికి ఆయన పెట్టిన మారుపేరు. వయసు ఇరవై ఏడు. రోజంతా కాస్త సూపు, ఒక గుడ్డు సొన, నిమ్మరసం పిండిన టీ... దాదాపు అంతే ఆహారం. అప్పటికే ఈ జబ్బుకు అనొరెక్సియా అనే పేరుంది. ఆకలి లేకపోవడం అని దాని అర్థం. కానీ నాదియాకు ఆకలి వేస్తుండేది. ఒక్కోసారి ఆగలేక చాటుగా గబగబా తినేసేది. ఆ తర్వాత సిగ్గుతో కుమిలిపోయేది. తన ఒళ్లంటేనే ఆమెకు సిగ్గు. లావైతే తననెవరూ ప్రేమించరనే ఆలోచన ఆమెను వదిలేది కాదు. ఆమెను ఆపింది ఆకలి లేకపోవడం కాదు, ఆ ఆలోచనే అని జానే తేల్చారు.

మానసిక శక్తి తగ్గడమే ఇలాంటి బాధలకు మూలమన్న ఆయన సిద్ధాంతం ఇప్పుడు వాడుకలో లేదు. కానీ రోగి దేనికి భయపడతారో దాన్ని వైద్యుడి తోడుతో కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేయాలన్న ఆయన ఆలోచన, ఈనాటి ఓసీడీ చికిత్సకు చాలా దగ్గరగా ఉంటుంది.

జానే 1947లో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం 5,000 మందికి పైగా రోగుల వివరాలున్న కాగితాలను తగలబెట్టేశారు. తనను నమ్మి చెప్పుకొన్న మాటలు మరొకరి కంట పడకూడదన్నది ఆయన పట్టుదల.

మీ ఇంట్లో పిల్లలు అకారణంగా బరువు తగ్గిపోతున్నా, నలుగురితో కూర్చుని తినడం మానేసినా, అమ్మాయిలకు నెలసరి ఆగిపోయినా తిట్టకండి, ఇతరులతో పోల్చకండి. ముందు వాళ్లు చెప్పేది వినండి. ఆలస్యం చేయకుండా ఫిజీషియన్‌కు, మానసిక వైద్యులకు చూపించండి.