రాససుందరీదేవి

వంగదేశమున పాబ్నా మండలములోని పోతాజియా గ్రామమున 1809వ సంవత్సర ప్రాంతమున రాససుందరీదేవి జన్మించెను. శైశవమందే తండ్రి గతింపగా భక్తురాలగు తల్లి యామెను పెంచెను. వారి యింటి వెలుపలిభాగమున నొక దొరసాని మగపిల్లలకు చదువు చెప్పుచుండెను. తోడిపిల్లలు బాధింపకుండుటకై ఈ బాలికను అచ్చట కూర్చుండబెట్టెడివారే గాని చదువు చెప్పింపవలెనని యెవ్వరును తలపలేదు. ఆమె మౌనముగా వినుచు, కనుచు, అక్షరములను మనసున నిలుపుకొనెను. కొంతకాలమునకు ఇల్లు దగ్ధమై ఆ బడియు నిలిచిపోయెను.

పండ్రెండవ యేట వివాహమై, ఫరీదుపుర మండలమందలి రామదియా గ్రామమునకు కాపురమునకు వచ్చెను. అత్తగారు చూపుపోయి మంచమెక్కగా ఇంటి భారమంతయు నామెపై బడెను. రెండుపూటల వంట, దేవతార్చన, అతిథులు, పండ్రెండుగురు బిడ్డలు! తా నన్నము తినుటకు తీరిక దొరకని దినములును గలవు. ముసుగు ఛాతివరకు దిగియుండవలెను. భర్త యెక్కు గుఱ్ఱము తన్ను చూచునేమో యని లోపలికి దాగినదన్నచో, నాటి కులస్త్రీల భయ మెట్టిదో చదువరు లూహింపగలరు. తరువాత నామెయే యీ భయమునకు సిగ్గుపడెను. భర్త క్రూరుడు కాడు, దయగల గృహస్థుడే. అయినను కన్నతల్లి మరణశయ్యపై నున్నప్పు డామెను పంపినవారు లేరు. మంచివారి యిండ్లలో సయితము ఆచార మిట్లు పాలించుచుండెను.

స్త్రీ చదివినచో వైధవ్యము ప్రాప్తించునని యప్పటి నమ్మకము. ఇది యే శాస్త్రమున నున్నదని యడుగ సాహసించిన వారరుదు. రాససుందరి కోరినదో, నవలలు గావు, నాటకములు గావు; భగవత్కథను స్వయముగా చదువుకొనవలెననియే యామె తపన. ధర్మము పేరిటనే భక్తురాలికిని భక్తిగ్రంథమునకును నడుమ గోడ కట్టబడియుండెను. ఆమె చైతన్యభాగవతమును చదువుచున్నట్లు కలగనెను. ఆ పిమ్మట భర్త యా గ్రంథమునే వంటయింటికి తెచ్చి, తానడిగినప్పుడు తెచ్చి యిమ్మని పెద్దకొడుకుతో చెప్పి, దాని నచ్చట నుంచి వెడలెను. అది విడియాకుల ప్రతి. ఆమె యం దొక పత్రమును తీసి దాచెను. కుమారుడు అక్షరములు దిద్దిన తాటాకు నొకదానిని సంగ్రహించెను. వంట చేయుచు, ఎడమచేత పత్రమును పట్టుకొని, బాల్యమున వినిన ధ్వనులతో ఈ రెంటి యక్షరములను పోల్చుచు, ముసుగుచాటున నొక్కొక్కటిగా కూడబలుకుకొనెను. అప్పటి కామెకు సుమారు ఇరువదియైదేండ్లు. గురువు లేడు, దీపము పెట్టుకొని చదువ ధైర్యము లేదు. ఎంతో కాలమునకు గ్రంథము చదువ వచ్చెను. వితంతువులై పుట్టింట నుండిన ఆడుబిడ్డలకు ఈ సంగతి తెలిసిన నేమగునో యని మిక్కిలి భయపడెను గాని, వారు తెలిసికొని సంతసించి, చదివించుకొని వినిరి.

వ్రాయుట మాత్ర మామెకు బహుకాలము రాలేదు. చదువు చాటున సాగును గాని, వ్రాతకు కాగితము, కలము, సిరా, తీరిక వలయును గదా! కలకత్తాలో చదువుచుండిన యొక కుమారుడు, తన జాబులకు తల్లి ప్రత్యుత్తర మీయదేమని నిష్ఠూరమాడి, సామగ్రి నమర్చెను. భర్త వ్యాధిచికిత్సకై కృష్ణనగరమున నున్నప్పుడు ఇంటిపని కొంత తగ్గగా, నడివయసు దాటిన పిదప వ్రాత నేర్చెను.

ఈమె బ్రాహ్మసమాజమున చేరినది కాదు, జీవితాంతమును వైష్ణవభక్తురాలే. 1868 ప్రాంతమున, వైధవ్యము ప్రాప్తించిన కాలముననే, 'ఆమార్ జీబన్' అను స్వీయచరిత్రమును వ్రాసెను. వంగభాషలో నది మొట్టమొదటి సంపూర్ణ స్వీయచరిత్రముగా నెన్నబడుచున్నది. 1897లో, ఎనుబదియెనిమిదవ యేట, దానిని పెంచి మరల ప్రకటించెను. జ్యోతిరింద్రనాథ ఠాకూరు పీఠిక వ్రాసెను. రెండేండ్లకు, 1899లో, ఆమె కాలధర్మము నొందెను.