అక్షరము నేర్వని సాక్షి సోజర్నర్ ట్రూత్

చదువు రాదని సాక్ష్యమిచ్చుటకు వెనుకాడువారు మన సంఘములలో కొందరున్నారు. వారు ఈ దైవజనురాలి జీవితమును తెలిసికొనవలెను.

ఈమె అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రములో సుమారు 1797లో బానిస దంపతులకు జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు ఇసబెల్లా. తొమ్మిదేండ్ల ప్రాయమున ఆమెను గొర్రెల మందతో కలిపి 100 డాలర్లకు వేలములో అమ్మివేసిరి. డచ్చి భాష తప్ప ఇంగ్లీషు రానందున కొత్త యజమానుల చేత దెబ్బలు తినెను.

1826లో చంటిబిడ్డనెత్తుకొని, తెల్లవారక మునుపే యజమాని ఇల్లు విడిచెను. చిన్న కుమారుడు పీటరును చట్టవిరుద్ధముగా అలబామాకు అమ్మివేసిరని విని, న్యాయస్థానమునకు వెళ్లి 1828లో బిడ్డను దక్కించుకొనెను. నల్లజాతి స్త్రీ తెల్లవారిపై వ్యాజ్యము గెలుచుట ఆ దినములలో మిక్కిలి అరుదు.

1843లో తన పేరు మార్చుకొనెను. సోజర్నర్ అనగా బాటసారి, ట్రూత్ అనగా సత్యము. ఆ పేరుతోనే కాలినడకన సువార్తకు బయలుదేరి, బానిసత్వ నిర్మూలన కొరకును స్త్రీల హక్కుల కొరకును సభలలో ప్రసంగించెను. 1850లో వెలువడిన ఆమె జీవితకథ ఆమె చెప్పగా స్నేహితురాలు వ్రాసినదే. బైబిలును పిల్లలచేత చదివించుకొనెడిది. పెద్దలు తమ వ్యాఖ్యానము చేర్చుదురు. పిల్లలైతే అడిగినన్ని మారులు ఉన్నదున్నట్లు చదువుదురు.

1864లో అధ్యక్షుడు లింకనును కలిసికొనెను. 1883 నవంబరు 26న మిచిగాన్‌లోని బాటిల్ క్రీక్‌లో ప్రభువునందు నిద్రించెను.

నూరేండ్ల మన చరిత్రను వ్రాసికొనుచున్న ఈ వేళ, చదువు రాని మన తల్లుల ప్రక్కన కూర్చుండి, వారు చెప్పునది కూడ వ్రాసికొందము గాక.